రెండు చప్పుళ్ల నడుమ

జైలు నుంచి,
10-11-2024

ఒసేయ్ సాయిదుర్గా,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా కూర్చుని ఈ ఉత్తరం ఆఖరు అక్షరం దాకా చదివి ఏడవాలని కోరుకుంటున్నాను.

మొన్న ములాఖత్‌కి వచ్చి మీ అత్త నూకరత్నం చల్లగా చెప్పింది, నువ్వు ఎలక్ట్రిక్ కారు కొన్నావని. మధ్యలో జాలీ అడ్డం ఉంది గానీ లేకపోతే ఆవిడ చేతిలో క్యారేజీ లాక్కుని గోడకేసి కొట్టేవాణ్ణి. ఇక్కడ ఫోను ఇస్తారు గానీ ఐదు నిమిషాలే. నిన్ను తిట్టడానికి ఐదు నిమిషాలు ఏ మూలకి? అందుకే కాగితం పట్టుకున్నాను.

నీకు డ్రైవింగ్ నేర్పింది ఎవరే? తొమ్మిదో తరగతి పిల్లని ఐసు లారీలో కూర్చోబెట్టి నరసాపురం దాకా స్టీరింగ్ నీ చేతిలో పెట్టింది ఎవరు? కళ్లు మూసుకుని చప్పుడు విని గేరు మార్చాలని చెప్పింది ఎవరు? అలాంటి త్రిమూర్తులు మేనకోడలు ఇంజనే లేని బండి కొనడమా! అది కారా, చక్రాలు పెట్టిన మిక్సీనా? గేర్లు లేవు, సైలెన్సర్ లేదు, వాసన లేదు. రోడ్డు మీద వస్తే కుక్క కూడా తలెత్తి చూడదు. ఛీ.

నన్ను ఇప్పుడు జైలు వాళ్ల పెట్రోలు బంకులో వేశారు. గొడవ పడకుండా ఉండేవాళ్లకే ఆ పని ఇస్తారు. అంటే నేనెంత బుద్ధిగా ఉన్నానో చూసుకో. ఇలాగే ఉంటే జూన్‌లో వదిలేస్తారట. పక్క పంపు దగ్గర ఆశీర్వాదం అని మండపేట లారీ డ్రైవరు ఉంటాడు. తాగి నడిపి ఒకణ్ణి గుద్ది వచ్చాడు, ఇప్పుడు పొద్దస్తమానం దేవుడి పాటలు. నీ సంగతి చెప్తే "మంచి బండేనండి, పికప్ అదిరిపోద్దండి" అన్నాడు. నాజిల్‌తో మూతి పగలగొడదామని చెయ్యి లేచింది. జూన్ గుర్తొచ్చి దించుకున్నాను.

షెడ్డులో నా ఎర్ర కారు ఉంది. ఆదివారం ఆదివారం స్టార్ట్ చేస్తున్నావా లేదా? ఆ మిక్సీని అమ్మేసి అది నడుపుకో. తాళం నీకే ఇచ్చి వచ్చాను.

అక్కకి, బావకి నా నమస్కారాలు. నీకు మాత్రం లేవు.

మీ మావయ్య,
త్రిమూర్తులు


మొగల్తూరు,
24-11-2024

మావయ్యా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. నీ తిట్లు వచ్చినచోటల్లా దగ్గాను. "అంత దగ్గేంటే, మిరియాల పాలు కాచనా" అంది అమ్మ.

నేను ఏడవలేదు. మిక్సీ అన్నందుకు మాత్రం ఒళ్లు మండింది. రొయ్యల కంపెనీ ల్యాబులో చెరువు నీళ్లు పరీక్ష చేసి చేసి చేతులు పాచిపోయేలా సంపాదించుకుని కొనుక్కున్నాను. తెల్లది. నీ ఎర్ర కారులో టర్బో నిద్రలేచేలోపు నేను రెండో తూము దాటేస్తాను. క్లచ్ వదలడం, గేరు వెయ్యడం, ఆర్‌పీఎం లేవడం కోసం ఆగడం, ఇవేమీ లేవు మావయ్యా. కాలు పెట్టడమే తరువాయి, వీపు సీటుకి అతుక్కుపోద్ది. దూరం పోతే నీ పెట్రోలుదే పైచేయి, ఒప్పుకుంటాను. నూట యాభై దాటాక నా దానికి ఊపిరాడదు. కానీ మన మూడు తూముల రోడ్డు మీద పందెం దూరం ఎంతని? మొదటి తూము నుంచి మూడో తూముకే కదా.

పందెం అని ఎందుకు అన్నానో చెప్తాను, తిట్టకుండా చదువు. పాలకొల్లులో చార్జింగ్ పెట్టుకుందామని వెళ్తే పాయింటుకి అడ్డంగా నల్ల కారు పెట్టుకుని ఒకాయన పకోడీ తింటున్నాడు. నువ్వు ఎవరి చెయ్యి విరగ్గొట్టి లోపలికి వెళ్లావో ఆ రైసుమిల్లు శివరామకృష్ణ. ఆ మోచెయ్యి ఇంకా వంకరగానే ఉంది. కారు తియ్యండి అని రెండుసార్లు మర్యాదగా అడిగాను. "మీ మిక్సీకి ప్లగ్గు కావాలా అమ్మా" అన్నాడు. అదే మాట, నువ్వు రాసినట్టే! డిక్కీ తీసి వీల్ స్పానర్‌తో అతని హెడ్‌లైటు, అద్దం రెండూ పగలగొట్టాను. మణికట్టు పట్టుకుంటే మోకాలి చిప్ప మీద తన్నాను. కింద కూర్చుండిపోయి, నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "త్రిమూర్తులు మేనకోడలివి కదూ. పోలీసులెందుకులే, రోడ్డు మీద తేల్చుకుందాం" అన్నాడు.

శివరాత్రి వెళ్లిన ఆదివారం పొద్దున పందెం. అడిగేది ఒక్కటే, సరిగ్గా విను. నువ్వు పెట్టిన పద్ధతి ప్రకారం నాన్న ఎర్ర తువ్వాలు పట్టుకుని, రోడ్డు మధ్యలో, కార్లకి వీపు పెట్టి నిలబడాలి. ఏ కారు ఎటు ఉందో చూడకూడదు. రెండు ఇంజన్ల చప్పుడూ సమానంగా లేచాక తువ్వాలు వదిలేస్తాడు, కార్లు చెరోపక్క నుంచి దూసుకుపోతాయి. ఇన్నేళ్లూ ఆయన్ని కాపాడింది చెవులే. నా కారుకి చప్పుడే లేదు. అందుకని ఈ ఒక్కసారికి నాన్న కార్లవైపు తిరిగి నిలబడితే చాలు. నాన్న "మీ మావయ్య చెప్తేనే" అంటున్నాడు. శివరామకృష్ణ కూడా "పద్ధతి పెట్టినవాడు మారిస్తే నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. ఒక్క మాట రాసి పంపు.

నువ్వు నమస్కారం పెట్టకపోయినా పెడుతున్న
సాయిదుర్గ


జైలు నుంచి,
8-12-2024

అమ్మాయ్,

హెడ్‌లైటు పగలగొట్టిన సంగతి చదివి బంకులో గట్టిగా అరిచాను, లారీవాడు భయపడి డీజిల్ వద్దని వెళ్లిపోయాడు. శభాష్! రెండో హెడ్‌లైటు ఎందుకు వదిలేశావు?

తిరిగి నిలబడటం సంగతి. కుదరదు.

ఎందుకో తెలుసుకో, నువ్వప్పుడు కాలేజీలో ఉన్నావు. మీ నాన్న రాముడు బోటు ఇంజన్ల మేస్త్రీ. ఒడ్డున నిలబడి, బోటు కనపడకముందే చప్పుడు విని "ఇది ఫలానావాడి బోటు, రెండో సిలిండరు సరిగ్గా కొట్టట్లేదు" అనేవాడు. ఆ చెవులు చూసే నేను తువ్వాలు చేతికిచ్చాను. మొదట్లో కార్లకి ఎదురుగానే నిలబడేవాడు. ఓడిపోయినవాడల్లా "బావమరిదిని చూసి వదిలాడు" అని గొడవ. తెడ్లతో తలలు పగిలాయి. అప్పుడు పెట్టాను పద్ధతి, చూస్తే పక్షపాతం, వింటే న్యాయం అని. ఆ తర్వాత ఎవడూ కిక్కురుమనలేదు.

ఒక్క శివరామకృష్ణ తప్ప. నా చేతిలో ఓడిపోయి "వీపు తిప్పినా బావమరిది కారు చప్పుడు వీడికి తెలీదా" అని మీ నాన్న మొహం మీద ఉమ్మాడు. ఆ ఉమ్మి మా బావ మీసం మీద నుంచి కారడం నేను చూశాను. చేతిలో జాకీ రాడ్డు ఉంది. మొదటి దెబ్బ మోచేతికి, రెండోదీ అక్కడే. ఎముక తెల్లగా బయటికొచ్చింది. మూడోది తలకి పడేదే, మీ నాన్నే నా నడుం పట్టుకుని లాగేశాడు.

ఇప్పుడు నువ్వు పందెంలో ఉన్నావు. కన్నకూతురు! ఆయన తిరిగి నిలబడి తువ్వాలు వదిలితే ఊరంతా ఏమంటుంది? ఇవాళ ఒప్పుకున్నవాడే రేపు మళ్లీ ఉమ్ముతాడు. నేను దేనికోసం లోపల కూర్చున్నానో దాన్నే నా చేత్తో తుడిచెయ్యమంటావా? నీకంత భయమైతే నా ఎర్ర కారు తీసుకెళ్లు. దానికి కావలసినంత గొంతుంది.

బావ చెవుల్ని తక్కువ అంచనా వెయ్యకు. చీమ నడిచినా వింటాడు.

త్రిమూర్తులు


మొగల్తూరు,
22-12-2024

మావయ్యా,

నీ ఎర్ర కారు వైరింగ్ మొత్తం ఎలకలు కొరికేశాయి. స్టార్ట్ అయి నాలుగు నెలలైంది. నీకు చెప్పద్దని అత్త ఒట్టు పెట్టించుకుంది. ఎలకల్ని తిట్టు, నన్ను కాదు.

నాన్న చెవుల సంగతి రాశావు కదా, చూద్దామని నిన్న చేపలు ఎండబెట్టే కళ్లంలో పెట్టి చూశాను. "నాన్నా, అటు తిరిగి నిలబడు, నేను వస్తుంటే చెప్పు" అన్నాను. వెనక నుంచి మెల్లగా వచ్చాను. దగ్గరికి వచ్చాను. ఇంకా దగ్గరికి. బంపరు ఆయన లుంగీకి తగిలింది. నాన్న అటువైపే చూస్తూ "ఏంటే, ఎప్పుడొస్తావు, ఎండ దంచేస్తోంది" అన్నాడు.

నేను హారన్ కొట్టాను. ఎగిరిపడ్డాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. కానీ బీడీ వెలిగించుకుంటే మూడు పుల్లలు ఆరిపోయాయి. అది నేను చూశానని ఆయనకి తెలిసి మొహం తిప్పేసుకున్నాడు.

ఇంకొకరికి తువ్వాలు ఇవ్వమన్నాను. "నేను బతికుండగానా?" అన్నాడు. పందెంలో హారన్ కొడతానన్నాను. కొడితే ఏ కారు ఎటుందో తెలిసిపోద్ది, కుదరదు అన్నాడు. అయితే నేను పందెమే మానేస్తానన్నాను. నాన్న నన్ను చెంప మీద కొట్టాడు మావయ్యా. చిన్నప్పట్నుంచి ఈరోజు దాకా నా మీద చెయ్యెత్తని మనిషి. "మాటిచ్చి మానేస్తే మీ మావయ్య జైల్లో మగ్గుతున్నది దేనికి?" అన్నాడు. అమ్మ మధ్యలోకి వస్తే అమ్మని తోసేశాడు. సాయంత్రం ఇంటికొస్తూ నాకిష్టమని పండుగప్ప చేప తెచ్చాడు.

మీరిద్దరూ ఒకరి పౌరుషం ఒకరు మోస్తున్నారు. మధ్యలో నా కాలి కింద యాక్సిలరేటరు ఉంది. నేను నీతో వాదించట్లేదు, ఎలక్ట్రిక్ గొప్పదనీ పెట్రోలు తక్కువదనీ అనట్లేదు. నీ పెట్రోలే గొప్పది, రాసిస్తాను. నాన్నని తిరిగి నిలబడమని ఒక్క ముక్క రాయి. నీ కాళ్లకి దండం పెడతాను.

సాయిదుర్గ


జైలు నుంచి,
30-1-2025

తల్లీ సాయిదుర్గా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయకుండా జేబులో పెట్టుకుని తిరిగాను. మంగళవారం బంకులో మధ్యాహ్నం భోజనం దగ్గర ఆశీర్వాదానికి చదివి వినిపించాను, నవ్వుతాడేమోనని. వాడు నవ్వలేదు. ముద్ద కింద పెట్టి "ఒక మాట చెప్తానండి, కోప్పడకండి" అన్నాడు.

"మీ బావగారు అటూ ఇటూ రెండు చప్పుళ్లు వింటారు కాబట్టి మధ్యలో ఆగుతారండి. ఒక్క చప్పుడే వినపడితే ఏం చేస్తారండి? దానికి దూరంగా జరుగుతారండి. దూరంగా జరిగితే ఆ చప్పుడు లేని బండి కిందకే కదండి. మీ బావగారిని మీరే చంపుకుంటున్నారండి" అన్నాడు.

ఆ ఆఖరి మాట నేను ఓర్చుకోలేకపోయాను. బంకులో మంటలార్పడానికి ఇసక బకెట్లు పెడతారు. ఒకటి తీసి మొహాన కొట్టాను. పడిపోయాక ఇంకోసారి కొట్టాను. దవడ విరిగింది, నోట్లోంచి పళ్లు, రక్తం, తిన్న అన్నం అన్నీ కలిసి వచ్చాయి. ఎదురు తిరగలేదు. చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలేదు వెధవ.

నన్ను ఒంటరి సెల్లులో పడేశారు. అక్కడ పనేముంది? గోడకి మొహం పెట్టి నిలబడ్డాను. వెనక వరండాలో వార్డరు బూట్ల చప్పుడు. కుడిపక్క నుంచి వస్తుంటే నేను చెప్పకుండానే నా ఒళ్లు ఎడమకి వంగింది. ఆపుకుందామని చూశాను. ఆగలేదు. మళ్లీ వచ్చాడు, మళ్లీ వంగింది.

వాడు చెప్పింది నిజం. బావని తిరిగి నిలబడమను. త్రిమూర్తులు చెప్పాడని చెప్పు, పద్ధతి పెట్టినవాడే మార్చాడని చెప్పు. శివరామకృష్ణకి ఈ కాగితమే చూపించు. ఉమ్మితే ఉమ్మనీ, తుడుచుకుందాం.

కొట్టినందుకు నాకు ములాఖత్, ఫోను, ఉత్తరం మూడూ ఆపేశారు. ఈ ఉత్తరం ఆఫీసులో ఇస్తున్నాను. విచారణ అయ్యాక పంపుతాం అన్నారు. బతిమాలాను, కాళ్లు పట్టుకున్నాను. ఇది మనిషి ప్రాణం అన్నాను. "దవడ విరగ్గొట్టేటప్పుడు గుర్తురాలేదా మనిషి ప్రాణం" అన్నాడు జైలరు. శివరాత్రికి ఇంకా టైముంది. ఈలోపు పంపుతారనే అనుకుంటున్నాను.

మీ మావయ్య


మొగల్తూరు,
20-2-2025

మావయ్యా,

రెండు నెలలు. ఒక్క ముక్క రాయలేదు. అత్త ములాఖత్‌కి వెళ్తే గేటు దగ్గర నుంచే వెనక్కి పంపేశారట, లోపల ఎవరినో కొట్టావని. మళ్లీ కొట్టావన్నమాట. నీకు చెయ్యి ఖాళీ లేదు కాబట్టి పెన్ను పట్టుకోలేదు.

"మీ మావయ్య రాయలేదంటే పాత పద్ధతేనే" అంటున్నాడు నాన్న. కాదు అనడానికి నా దగ్గర కాగితం లేదు. ల్యాబులో పనిచేస్తూ ఆలోచించాను, ఆ రోజు కడుపునొప్పి అని పడుకుంటే ఏమవుద్ది అని. నిజం చెప్తాను. మొన్న శివరామకృష్ణ మనుషులు మన షెడ్డు మీద రాళ్లేసి "మిక్సీ పందెం ఎగ్గొడుతుందంట కదా" అని అరిచి వెళ్లారు. ఒక రాయి అమ్మ నుదుటికి తగిలింది, కుట్లు పడ్డాయి. ఇప్పుడు నాకే గెలవాలని ఉంది. గెలిచి వాడి కారు బానెట్ ఎక్కి నిలబడాలని ఉంది. నాక్కూడా నీ రక్తమే కదా.

నాన్న ధైర్యం చెప్తున్నాడు. శివరామకృష్ణ ఇంజను ఒక్కటే విని తువ్వాలు వదులుతాడట, తర్వాత బొమ్మలా నిలబడతాడట. కదలనని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

నువ్వు కాదన్నావనే అనుకుంటున్నాను. సరే.

సాయిదుర్గ


జైలు నుంచి,
17-3-2025

సాయిదుర్గా,

నిన్న మీ అత్తని లోపలికి పంపారు. బావ పోయాడని చెప్పింది. జాలీ పట్టుకుని తల బాదుకున్నాను, నుదురు చీరుకుపోయింది. వార్డర్లు నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. దహనానికి పంపలేదు సరికదా, పోయాడని కబురైనా చెప్పలేదు నాకు. నా బావే! పెళ్లిలో నేను కాళ్లు కడిగిన మనిషి. మా నాన్న పోతే నాకు అన్నం పెట్టిన మనిషి.

శివరామకృష్ణ కారు గుద్దిందని చెప్పింది నూకరత్నం. జనం వాణ్ణి కిందపడేసి తొక్కారనీ కారు తగలబెట్టారనీ చెప్పింది. తగలబెట్టేటప్పుడు వాణ్ణి లోపల ఎందుకు కూర్చోబెట్టలేదు? మన ఊళ్లో మగాళ్లు లేరా?

నాకొచ్చే ఉత్తరాలు కూడా ఇంకా ఇవ్వట్లేదు, అందుకే అత్తనే అడిగాను, నా ఉత్తరం అందిందా అని. అందింది అంది. అంటే బావ తిరిగే నిలబడ్డాడు. కళ్లెదురుగా నిలబడ్డ మనిషిని గుద్దాడంటే అది పొరపాటు ఎలా అవుద్ది? కావాలనే గుద్దాడు. వంకర చెయ్యికి బదులు తీర్చుకున్నాడు. ఆ రోజు బావ నా నడుం పట్టుకోకుండా ఉంటే వాడప్పుడే పోయేవాడు, ఈరోజు బావ బతికుండేవాడు.

జూన్ పోయింది, బకెట్టు దెబ్బకి శ్రావణానికి వెళ్లింది విడుదల. శివరామకృష్ణ ఆసుపత్రిలో ఉన్నాడట కదా. బాగా కోలుకోమని చెప్పు. నేను బయటికొచ్చేసరికి వాడు నడవాలి, పరిగెత్తాలి. నా చేతుల్తో నేను పట్టుకోవాలి. ఉరి వేస్తే వెయ్యనీ. నువ్వు మాత్రం ఏమీ చెయ్యకు, ఆడపిల్లవి, అక్కని చూసుకో. ఇది నా పని. బావ మీద ఒట్టు.

త్రిమూర్తులు


మొగల్తూరు,
25-3-2025

మావయ్యా,

కూర్చుని చదువు. నీ చుట్టూ ఎవరైనా ఉంటే దూరంగా జరగమను.

నీ ఉత్తరం అందింది. పెద్దకర్మ రోజు అందింది. విస్తళ్లు వేస్తుంటే పోస్ట్‌మాన్ వచ్చి నా చేతిలో పెట్టాడు. పైన తారీఖు చూశాను, జనవరి ముప్పై. నూతి దగ్గర కూర్చుని చదివాను. నువ్వు మనసు మార్చుకున్నావని తెలిస్తే నా కోపం చల్లారుద్దనుకుంటావేమో. చల్లారలేదు. మా నాన్న ప్రాణం నీ చేతిలో కాగితంగా ఉంది మావయ్యా, నువ్వు బకెట్టు ఎత్తకుండా ఉంటే అది మూడు రోజుల్లో వచ్చేది. ఇది నేను చచ్చేదాకా అంటాను.

ఇప్పుడు రెండోది. నాన్నని గుద్దింది శివరామకృష్ణ కాదు. నేను.

నాన్న వీపు తిప్పే నిలబడ్డాడు. ఎడమవైపు నల్ల కారు, కుడివైపు నేను. శివరామకృష్ణ కొత్త సైలెన్సర్ వేయించుకొచ్చాడు, చెరువుల మీద కొంగలు లేచిపోయాయి ఆ మోతకి. నాన్న తువ్వాలు వదిలాడు. నేను కాలు పెట్టాను. ఆ మోత మీదికొస్తుంటే నాన్న ఎడమ మడమ పైకి లేచింది. అది చూశాను మావయ్యా, మడమ లేవడం చూశాను. నా వైపు ఒక్క అడుగు వేశాడు. కదలనని ఒట్టు వేసిన మనిషే. బ్రేకు మీద నిలబడ్డాను. చిన్న చప్పుడు వచ్చింది, అంతే, తలుపు కొట్టినట్టు. నాన్న తూము గట్టు రాయి మీద పడ్డాడు. తల అక్కడ పగిలింది.

జనం వెనక ఉన్నారు. వాళ్లకి వినపడింది ఒక్క నల్ల కారే. శివరామకృష్ణ కారు ఆపి, దిగి, పరిగెత్తుకొచ్చి నాన్న తల ఒళ్లో పెట్టుకున్నాడు. వాళ్లు చూసేసరికి అతని చేతుల నిండా రక్తం. ఇంకేం కావాలి? తెడ్లు, చెరువు గట్ల మీది ఇనప రాడ్లు, రాళ్లు. "నేను కాదండి, నేను కాదండి" అని అరుస్తూనే ఉన్నాడు. పళ్లు రాలేదాకా అరిచాడు. మన దగ్గరివాళ్లే కాళ్ల మీద ఎక్కి తొక్కారు. నల్ల కారుకి నిప్పు పెట్టారు, ట్యాంకు పేలి మనుషులు చెల్లాచెదురయ్యారు. నేను కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. చెప్పడానికి భయమేసింది.

చూసినవాళ్లు ఉన్నారు. ఒక్కడూ నోరు విప్పలేదు. అత్త నా కారు ఇంటికి తెచ్చి తన చేత్తో కడిగింది. "బంపరు సొట్ట సరిచేసేశాను, ఈ మాట ఎత్తావంటే మీ అమ్మ నిన్నూ పోగొట్టుకుంటుంది" అంది. నీకు అబద్ధం చెప్పింది కూడా నా కోసమే. లోపల ఉన్నవాడు ఏం చేస్తాడులే అనుకుంది. నువ్వు చంపుతానని రాస్తావని అత్తకి తెలీదు.

శివరామకృష్ణకి ఒక కాలు తీసేశారు. ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రి మంచం పక్కన పోలీసు కూర్చున్నాడు, మా నాన్నని చంపాడని కేసు. నేను నిన్న వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ మనిషిని నువ్వు శ్రావణంలో వచ్చి ఏం చంపుతావు? ఇంకేం మిగిలిందని?

చంపేవాణ్ణి వెతుక్కోవాలంటే నీకు ఇద్దరే ఉన్నారు. ఒకరు నేను. ఇంకొకరి పేరు నువ్వే రాసుకో.

అమ్మకి తెలీదు. రోజూ నన్ను పక్కలో పడుకోబెట్టుకుని, శివరామకృష్ణ చావాలని మొక్కుతోంది, నా తల నిమురుతూ. నా వీపు మీద ఆ చెయ్యి పడ్డప్పుడల్లా ఒళ్లు కుంచించుకుపోతోంది. ఇంక నా వల్ల కాదు. రేపు పొద్దున స్టేషన్‌కి వెళ్లి చెప్పేస్తాను. అమ్మకి ముందు చెప్పాలి, ఇంకొకరి నోట వినకూడదు.

అమ్మ పిలుస్తోంది. కంచం పెట్టింది. తినకుండా కూర్చున్నానని నాకు ముద్దలు కలిపి పెడుతుంది ఈమధ్య. వెళ్తున్నాను మావయ్యా, మొదటి ముద్ద నోట్లో పెట్టకముందే చెప్పేస్తాను.

సాయిదుర్గ